పాచిక పడితే జూదమేనా?



ఈ మధ్య మన హాస్టల్లో ఒకటే చర్చ. ఆదివారం సాయంత్రం వరండాలో మేం కొందరం కాగితాలు, చింతపిక్కలు ముందేసుకుని ఆడుతున్న "కథల ఆట" ఉండాలా, తీసెయ్యాలా అని. వచ్చే నెల హాస్టలు కమిటీ మీటింగులో ఈ సంగతి తేలుస్తారట. అందుకని నా అభిప్రాయాన్ని ముందుగానే గోడకెక్కిస్తున్నాను. నేను ఆ ఆట ఆడేవాణ్ణే. కాబట్టి "వీడు తన పక్షం చెప్పుకుంటున్నాడు" అనుకున్నా ఫర్వాలేదు. కానీ దయచేసి చివరిదాకా చదివి, అప్పుడు తీర్పు చెప్పండి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పెద్దలు భయపడుతున్నది జూదానికి, క్షుద్రపూజలకు, చదువు పాడవడానికి. ఆ భయాల్లో తప్పు లేదు. కానీ అవేవీ ఈ ఆటలో లేవు. పామును చూసి భయపడాలి గానీ తాడును చూసి కర్ర తీస్తే ఎలా?

అసలీ ఆట ఏమిటి?

ఆడని వాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. ఐదారుగురు గుండ్రంగా కూర్చుంటాం. ఒకడు కథ నడుపుతాడు. వాణ్ణి "కథకుడు" అంటాం. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ప్రతి పాత్రకూ ఒక కాగితం ఉంటుంది. అందులో పేరు, ఊరు, వయసు, ఏ పని వచ్చు, ఏ పని రాదు, దేనికి భయం, ఇవన్నీ రాసుకోవాలి. కథకుడు ఒక పరిస్థితి చెప్పి "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడుగుతాడు. మనం ఆ మనిషిలాగా ఆలోచించి జవాబు చెప్పాలి. ఆ పని జరుగుతుందో లేదో సందేహం వచ్చిన చోట పిక్కలు వేస్తాం. ఇందులో ఒకడు గెలిచి ఇంకొకడు ఓడిపోవడం లేదు. అందరూ కలిసి కథను గట్టెక్కించాలి. అంతే.

ఈ ఆటను మనం కనిపెట్టలేదు. పాలిటెక్నిక్ చదువుతున్న మన సీనియర్ అన్నయ్య ఒకరు సెలవులకు వచ్చినప్పుడు నేర్పి వెళ్ళారు. దీని మూలం అమెరికాలో ఉంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే పేరుతో మొదటిసారి అచ్చు వేశారు. మొదట వేసింది వెయ్యి ప్రతులే. ఇప్పుడు ప్రపంచమంతా ఆడుతున్నారు. దానికి కూడా ఒక తాత ఉన్నాడు. 1824 నాటికే ప్రష్యా దేశపు సైన్యాధికారులు బల్ల మీద పటం పరిచి, పాచికలు వేస్తూ యుద్ధపు ఆట ఆడి ఎత్తుగడలు నేర్చుకునేవారు. అంటే ఇది పనికిమాలిన వాళ్ళు కాలక్షేపానికి పుట్టించిన ఆట కాదు.

వాళ్ళ ఆటలో కోటలు, డ్రాగన్లు ఉంటాయి. మనకి డ్రాగన్లతో పనేంటి? మనకి గోదావరి ఉంది.

మేం ఆడిన వరద కథ

మేం ఎక్కువసార్లు ఆడింది వరద కథ. వాసిష్ఠ ఒడ్డున ఒక లంక గ్రామం. పడవ నడిపే సరంగు, ఆశా కార్యకర్త, సర్పంచి, పాడి రైతు, ఎనిమిదో తరగతి పిల్ల, ఇవీ పాత్రలు. కథకుడు చెబుతాడు: "ధవళేశ్వరం దగ్గర 13 లక్షల క్యూసెక్కులు దాటింది. రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. ఊరికి ఒక్కటే నాటు పడవ. ఊళ్ళో ఒక నిండు గర్భిణి ఉంది. ఒక ముసలమ్మ తన గేదెల్ని వదిలి రానంటోంది. ఏం చేస్తారు?"

మొదటిసారి ఆడినప్పుడు ముసలమ్మతో వాదించడానికే మా పొద్దంతా సరిపోయింది. సర్పంచి గదమాయించాడు. ఆమె కదల్లేదు. ఆశా కార్యకర్త బతిమాలింది. ఆమె కదల్లేదు. (ముసలమ్మ పాత్ర కథకుడిదే. వాడు భలే మొండివాడు!) అప్పుడు సరంగు పాత్ర తీసుకున్న ఏడో తరగతి తమ్ముడు నోరు విప్పాడు. "అవ్వా, గేదెల్ని పడవెక్కించలేం. కట్లు విప్పేద్దాం. విప్పితే ఈదుకుంటూ గట్టెక్కుతాయి. కట్టేసి ఉంచితేనే చచ్చిపోతాయి" అన్నాడు. మేమందరం వాడి మొహం చూశాం. ఆ మాట మాకెవరికీ తట్టలేదు. ముసలమ్మ పడవెక్కింది.

ఆ తమ్ముడి సంగతి మీలో చాలామందికి తెలుసు. శబరి ఒడ్డున లోపలి ఊరు వాడిది. ఇంట్లో కోయ మాట. ఇక్కడికొచ్చి సంవత్సరం దాటినా క్లాసులో "యస్ సార్" తప్ప ఇంకో మాట వినిపించలేదు. మొద్దు అనుకున్నవాళ్ళూ ఉన్నారు. వాడు మొద్దు కాదు మిత్రులారా! వాడికి తెలిసినవి మనం ఎప్పుడూ అడగలేదు. మన పరీక్షల్లో గేదె కట్లు విప్పే ప్రశ్న రాదు కదా! మొదటి ఆదివారం సగం కోయలోనే చెప్పాడు, పక్కవాడు తెలుగులో చెప్పాడు. నాలుగో ఆదివారానికి తెలుగులోనే పోట్లాడుతున్నాడు. తన పేరుతో మాట్లాడమంటే సిగ్గు. సరంగు పేరుతో మాట్లాడమంటే సిగ్గు లేదు. ఇప్పటికీ పద్యం తడబడుతూనే చదువుతాడు. కానీ క్లాసులో అర్థం కాకపోతే చెయ్యెత్తుతున్నాడు. అది నేను కళ్ళారా చూశాను.

రెండోసారి అదే కథ ఆడినప్పుడు ఆశా కార్యకర్త పాత్రధారి తెలివిగా చేశాడు. మొదటి హెచ్చరికకే, అంటే 10 లక్షల క్యూసెక్కుల దగ్గరే, గర్భిణిని గట్టు దాటించాడు. హెచ్చరికలు మూడు ఎందుకున్నాయో, 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షలు అని ఎందుకు పెట్టారో అప్పుడు మాకు బుర్రకెక్కింది. భద్రాచలంలో 43 అడుగులు, 48 అడుగులు, 53 అడుగులు అనే లెక్క కూడా అలాగే నేర్చుకున్నాం. అక్కడ నీరు పెరిగిందంటే కోనసీమ లంకలు సర్దుకోవాలి అని అర్థం.

ఇక్కడ ఇంకో సంగతి. మనలో సగం మంది ఏజెన్సీ నుంచి వచ్చాం. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అక్కడ మా ఊళ్ళను ముంచిన నీళ్ళే తర్వాత ఇక్కడి లంకల్లోకి వస్తాయి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు. ఆ రెండు వరదలూ అక్కడి తాతలకు తెలుసు, ఇక్కడి తాతలకూ తెలుసు. ఆటలో ఒకే పడవలో కూర్చున్నాక "మీ ఏజెన్సీ వాళ్ళు, మా కోనసీమ వాళ్ళు" అనే మాట మా గుంపులో వినబడటం తగ్గింది. ఏ ఉపన్యాసంతోనైనా ఇది ఇంత త్వరగా జరిగేదా?

మొదటి భయం: జూదం

"పిక్కలు వేస్తున్నారు, ఇది జూదమే" అని మొదటి ఆరోపణ. ఈ భయం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. సంక్రాంతికి కోనసీమలో ఏ కోడిపందేల బరి దగ్గరకెళ్ళినా పక్కనే గుండాట ఉంటుంది. గడుల మీద డబ్బు కాయడం, పాచిక పడ్డాక ఏడుస్తూ ఇంటికి పోవడం. పండగ మూడు రోజుల్లో కొబ్బరి సొమ్ము మొత్తం పోగొట్టుకున్నవాళ్ళ కథలు మన వంటమ్మ గారు చెబుతూనే ఉంటారు. "ఆయ్, పాచిక పట్టుకున్న చెయ్యి బాగుపడదు బాబూ" అంటారావిడ. ఆవిడ బాధ నిజం. కానీ ఆ ఇళ్ళు కూల్చింది పాచికా, పందెమా?

ధర్మరాజు సంగతే చూడండి. ఆయన పోగొట్టుకున్నది పాచికల వల్ల కాదు. రాజ్యాన్ని, తమ్ముళ్ళను, భార్యను పందెం ఒడ్డడం వల్ల, అవతల శకుని మోసం వల్ల. మన రాష్ట్రపు గేమింగ్ చట్టం కూడా 1974లోనే వచ్చింది. అంటే ఆ అమెరికా ఆట పుట్టిన సంవత్సరమే! ఆ చట్టం పట్టుకునేది పందెం కాసి ఆడే ఆటలను. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా అందులోకి తెచ్చారు. కథల ఆటలో పందెం ఏది? గెలిచేవాడే లేనప్పుడు డబ్బు ఎవరికి ఇస్తాం?

పేరును బట్టి దోషం కట్టకూడదు. మన ఊళ్ళల్లో రాతి అరుగుల మీద గీసి ఉండే పులిజూదం చూశారుగా! మూడు పులులు, పదిహేను మేకలు. పేరులోనే జూదం ఉంది, ఆటలో పైసా పందెం లేదు, ఉన్నదంతా బుర్రకు పదును. వైకుంఠపాళిలోనూ పాచికలే. మన పాత పటాల్లో పాములకు రాక్షసుల పేర్లు పెట్టి, ఏ దుర్గుణం మనిషిని ఎంత కిందికి దించుతుందో చూపించారు. అదే ఆటను ఇంగ్లండు వాళ్ళు 1892లో అక్కడ అమ్మకానికి పెట్టారు. అష్టాచెమ్మా ఆడని అమ్మమ్మ ఉందా?

ఇక పిక్కల్లో లెక్కలు కూడా ఉన్నాయి. పదో తరగతి వాళ్ళకు "సంభావ్యత" పాఠం ఉంది కదా. ఒక వైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు వేస్తే మొత్తం 16 రకాలుగా పడవచ్చు. నాలుగూ తెల్లగా పడేది ఒక్క రకం. మూడు తెల్లవి నాలుగు రకాలు. రెండు తెల్లవి ఆరు రకాలు. మా ఆటలో మామూలు పనికి రెండు తెల్లవి చాలు, అంటే 16లో 11 వంతులు ఆశ. కష్టమైన పనికి మూడు కావాలి, అంటే 16లో 5 వంతులే. "చీకట్లో పడవ తియ్యనా, తెల్లారేదాకా ఆగనా?" అని సరంగు ఆలోచించేటప్పుడు ఈ లెక్క వాడి వేళ్ళ మీద ఉంటుంది. పైగా మా పిక్కలు వంద సార్లు వేసి చూస్తే తెలుపు, నలుపు సమానంగా పడలేదు. ఎందుకని అడిగితే లెక్కల మాష్టారు నవ్వి, "పుస్తకంలో నాణెం నిష్పక్షపాతం, మీ చింతపిక్క కాదు" అని ఇంకో అరగంట పాఠం చెప్పారు. లెక్కల పీరియడు ఆదివారం కూడా కావాలన్న పిల్లలను ఆయన ఎప్పుడైనా చూశారా?

రెండో భయం: దెయ్యాలు, మంత్రాలు

"కథల్లో దెయ్యాలు వస్తున్నాయి, పిల్లలు ఆ పాత్రల్లో పడి పిచ్చెక్కిపోతారు" అని రెండో ఆరోపణ. ఈ మాట మనకంటే ముందు అమెరికా వాళ్ళు అన్నారు. ఆ కథ తెలుసుకోవలసిందే.

1979 ఆగస్టులో మిచిగన్ రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ నుంచి 16 ఏళ్ళ విద్యార్థి కనబడకుండా పోయాడు. ఆ ఆట ఆడుతూ యూనివర్సిటీ కింది సొరంగాల్లో తప్పిపోయాడని పేపర్లన్నీ రాశాయి. నెల రోజుల తర్వాత అతను వేరే రాష్ట్రంలో బ్రతికే దొరికాడు. కానీ మరుసటి సంవత్సరమే చనిపోయాడు. అతన్ని వెతికిన డిటెక్టివు 1984లో పుస్తకం రాశాడు. అందులో బయటపడ్డది ఏమిటంటే, అతను వెళ్ళిపోయింది ఆట వల్ల కాదు. చిన్న వయసులోనే పెద్ద చదువుల్లో పడి, ఒంటరితనంతో, చదువు ఒత్తిడితో కుమిలిపోయాడు. ఈలోగా 1983లో ఆ ఆటను ఆపాలని ఒక సంస్థే పుట్టింది. సైతాను పూజ అన్నారు, పిల్లలు ప్రాణాలు తీసుకుంటారు అన్నారు. 1990లో మైఖేల్ స్టాక్‌పోల్ అనే రచయిత ఆ సంస్థ చెప్పే లెక్కలను ఒక్కొక్కటీ విప్పి చూసి, అవి నిలబడవని చూపించాడు. ఆట ఆడేవాళ్ళలో అలాంటి మరణాలు మామూలు జనంలో కంటే ఎక్కువ లేవని, నిజానికి తక్కువేనని ఆయన తేల్చాడు.

ఇందులో నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. అందరూ ఆటను పట్టుకున్నారు. ఆ పిల్లవాడి బాధను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. హాస్టల్లో ఉండే మనకు ఇది చాలా దగ్గరి సంగతి. ఎవడైనా అన్నం మానేస్తే, రాత్రి దుప్పట్లో ఏడుస్తుంటే, వాడు ఏ ఆట ఆడాడని కాదు, వాడికేమైందని అడగాలి. నిజం చెప్పాలంటే ఇంటి మీద బెంగపెట్టుకున్న ఒకరిద్దరి సంగతి మాకు ఈ ఆటలోనే తెలిసింది. ఒక తమ్ముడు తన పాత్ర కాగితంలో "దేనికి భయం?" అన్న చోట "సెలవులకు నన్ను తీసుకెళ్ళడానికి ఎవరూ రారేమోనని" అని రాశాడు. ఆ కాగితం లేకపోతే మాకు తెలిసేదా?

ఇక వేషం వేస్తే మనిషి మారిపోతాడా? విరాటపర్వం గుర్తు తెచ్చుకోండి. పాండవులు ఏడాదిపాటు చేసిందేమిటి? ధర్మరాజు కంకుభట్టు, భీముడు వంటల వలలుడు, అర్జునుడు నాట్యం నేర్పే బృహన్నల. ఏడాది తర్వాత ఎవరి రూపంలోకి వాళ్ళు వచ్చేశారు. ఆ కథతోనే 1963లో నర్తనశాల సినిమా వచ్చింది. కీచకుడు వేసిన ఎస్.వి. రంగారావు గారికి జకార్తాలో బహుమతి ఇచ్చారు గానీ, జైల్లో పెట్టలేదు కదా! మన వార్షికోత్సవంలో యముడి వేషం వేసిన అన్నయ్య మర్నాడు మెస్సులో మనతోపాటే పప్పుచారు తిన్నాడు.

పైగా సర్కారు వారు కూడా ఇలాంటి ఆట ఆడిస్తున్నారు. కేంద్రంలో పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966 నుంచి విద్యార్థులతో యువ పార్లమెంటు పోటీలు నడుపుతోంది. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థుల మాక్ అసెంబ్లీ జరిగింది. పిల్లలే మంత్రులు, పిల్లలే ప్రతిపక్షం. వరదల ముందు చేసే మాక్ డ్రిల్లు ఏమిటి? అదీ వేషమే. అది మంచిదైతే మా వరండాలో వరద కథ చెడ్డది ఎలా అవుతుంది?

మూడో భయం: చదువు పాడవుతుంది

ఇది నేను కొట్టిపారెయ్యను. ఏ ఆటైనా మితిమీరితే చదువుకు చేటే. కబడ్డీ అయినా అంతే. కానీ ఆట అనగానే చదువుకు శత్రువు అనడం పాత జబ్బు. 1859లో అమెరికాలో పేరున్న ఒక సైన్సు పత్రిక చదరంగాన్ని కూడా ఇలాగే తిట్టింది. బుద్ధికి ఏమీ మేలు చెయ్యని నాసిరకం కాలక్షేపం అంది! ఇప్పుడు చదరంగం గురించి ఆ మాట ఎవరైనా అంటారా? మన ఆంధ్రా అమ్మాయి కోనేరు హంపి 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. ఆ పత్రిక మాట విని వాళ్ళ నాన్నగారు బోర్డు దాచేసి ఉంటే?

2020 జాతీయ విద్యా విధానం ఆటలతో పాఠం చెప్పమంది. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు ఆటబొమ్మలతో బోధన మీద ఉపాధ్యాయుల కోసం ఒక పుస్తకమే వేశారు. మా ఆటలో పటం గీయాలి. గౌతమి ఎటు, వాసిష్ఠ ఎటు, వైనతేయ ఎక్కడ చీలుతుంది, అంతర్వేది ఎక్కడ, రాజోలు ఎక్కడ, అమలాపురం ఎక్కడ, అన్నీ తెలియాలి. పాత్ర కాగితం తప్పుల్లేకుండా రాయాలి. ఎదుటివాడు మాట్లాడేటప్పుడు నోరు మూసుకుని వినాలి. ఈ చివరిదే అన్నిటికంటే కష్టం!

మరి లోపాలు లేవా?

ఉన్నాయి. గొంతు పెద్దగా ఉన్నవాడు మిగతావాళ్ళను మాట్లాడనివ్వకపోవడం ఉంది. రాత్రిపూట దెయ్యం కథ నడిపితే ఐదో తరగతి వాళ్ళు బాత్‌రూముకు ఒంటరిగా వెళ్ళలేకపోతున్నారు, అదీ నిజమే. "మమ్మల్ని చేర్చుకోవట్లేదు" అన్న ఫిర్యాదులోనూ న్యాయం ఉంది. కానీ ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? దానికి కట్టుబాట్లు చేసుకుందాం. నా సూచనలు ఇవి:

1. ఆట ఆదివారం మాత్రమే. బట్టలు ఉతుక్కోవడం అయ్యాక సాయంత్రం 4 నుంచి 5.30 వరకు. రోల్‌కాల్ గంట కొట్టగానే కథ ఎక్కడుంటే అక్కడ ఆపాలి.

2. డబ్బే కాదు, కోడిగుడ్డు, చిక్కీ, సబ్బుబిళ్ళ, ఏదీ పందెం కాయరాదు. కాసినవాణ్ణి నెలరోజులు ఆటలోంచి తీసెయ్యాలి.

3. చీకటి పడ్డాక భయం కథలు వద్దు. చిన్న తరగతుల వాళ్ళు ఉంటే అసలే వద్దు.

4. ప్రతి గుంపులో వేర్వేరు తరగతుల వాళ్ళు, వేర్వేరు ఊళ్ళ వాళ్ళు ఉండాలి. కొత్తగా చేరతానన్న వాణ్ణి కాదనరాదు. ఎవరి మాట వాళ్ళకు వచ్చిన భాషలో మొదలుపెట్టవచ్చు.

5. యూనిట్ పరీక్షల ముందు రెండు వారాలు ఆట బంద్.

6. ఒక ఉపాధ్యాయుడు గానీ వార్డెను గారు గానీ ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చు. చూడ్డానికే కాదు, ఆడటానికి కూడా.

చివరగా వార్డెను గారికి ఒక మనవి. అయ్యా, మీరు ఈ ఆటను ఇప్పటిదాకా దూరం నుంచే విన్నారు. కమిటీ మీటింగుకు ముందు ఒక్క ఆదివారం మా వరండాలోకి రండి. సర్పంచి పాత్ర ఖాళీగా ఉంచుతాం. ముసలమ్మను మీరు ఒప్పించగలరేమో చూద్దాం. ఆడిన తర్వాత కూడా వద్దంటే, మీ మాటకు కట్టుబడతాం, పిక్కలు తెచ్చి మీ బల్ల మీద పెట్టేస్తాం.

మిత్రులారా! నా మాటే వేదమని నేను అనను. ఈ చార్టు కింద జానెడు చోటు ఖాళీగా వదిలాను. ఒప్పుకోనివాళ్ళు అక్కడ రాయండి. పెన్సిలుతో రాసినా చదువుతాం, కోయలో రాసినా చదువుతాం.

ఇట్లు,
మీ మిత్రుడు,
10వ తరగతి విద్యార్థి